పాత కారు పునరుద్ధరణ

పాత కారు పునరుద్ధరణ అనగా చాలా కాలం వాడకం లేక తుప్పు పట్టి, ఇంజను పనిచేయని స్థితికి చేరిన కారును అది తయారైననాటి రూపానికి, పనితీరుకు వీలైనంత దగ్గరగా తిరిగి తెచ్చే పని. ఇందులో తుప్పును తొలగించడం, రేకు పని, రంగు వేయడం, ఇంజనును విప్పి బాగుచేయడం, బ్రేకులు, విద్యుత్ తీగలు, ఇంధన వ్యవస్థలను సరిచేయడం ముఖ్యమైన భాగాలు. తెలుగు రాష్ట్రాలలో ఈ పనికి ఎక్కువగా వచ్చే కార్లు హిందుస్థాన్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని (ఫియట్), స్టాండర్డ్ హెరాల్డ్. తెలంగాణలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాలలో కూడా పాత ఇళ్ళ ఆవరణలలో, షెడ్లలో ఇటువంటి కార్లు కనిపిస్తాయి. ఈ వ్యాసంలో అంబాసిడర్ కారును ప్రధాన ఉదాహరణగా తీసుకొనడం జరిగింది.

పునరుద్ధరణలో మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటి కలదు. పాత ఇంజనును బాగుచేయాలా, లేక దానిని తీసివేసి వేరొక ఇంజను పెట్టాలా అన్నదే ఆ విషయం. రెండవది సులభంగాను, చవకగాను కనిపిస్తుంది. కాని 2021లో వచ్చిన నిబంధనల వలన, ఇంజను మార్చిన కారు వింటేజ్ వాహనంగా గుర్తింపు పొందే అవకాశాన్ని కోల్పోవచ్చు.

నిర్వచనం

పాత వాహనాల విషయంలో మూడు మాటలను వేరుగా అర్థం చేసుకోవాలి.

* పరిరక్షణ: ఉన్నదానిని ఉన్నట్లుగా కాపాడడం. తుప్పు మరింత పెరగకుండా ఆపుతారు, కాని పాత రంగును, పాత సీట్లను తీసివేయరు.
* పునరుద్ధరణ: చెడిపోయిన, పోయిన భాగాలను తయారీనాటి ప్రమాణాల ప్రకారం బాగుచేయడం లేదా తిరిగి అమర్చడం.
* మార్పు: వేరొక ఇంజను, ఏసీ, కొత్త చక్రాలు వంటివి అమర్చి కారును నేటి వాడకానికి అనువుగా చేయడం. దీనిని పునరుద్ధరణ అనరాదు.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య (ఫీవా) 2012లో ఆమోదించిన ట్యూరిన్ ఛార్టర్ కూడా వీలైనంత వరకు అసలు భాగాలను నిలుపుకొనాలనే సూత్రాన్ని చెబుతుంది. ఈ సమాఖ్య నిర్వచనం ప్రకారం చారిత్రక వాహనానికి కనీసం 30 సంవత్సరాల వయస్సు ఉండాలి. బ్రిటన్‌లో 'వింటేజ్' అనే మాటను 1919 నుండి 1930 వరకు తయారైన కార్లకు వాడతారు. భారత నిబంధనలలో మాత్రం మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 సంవత్సరాలు దాటిన వాహనమే వింటేజ్ వాహనం.

చరిత్ర

హైదరాబాదు సంస్థానంలో మోటారు కార్లు ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలోనే ప్రవేశించాయి. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొరకు తయారైన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ 'థ్రోన్ కార్' వీటిలో ప్రసిద్ధమైనది. దీని బాడీని లండన్‌లోని బార్కర్ సంస్థ నిర్మించింది. కారు చేరకముందే 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ మరణించడంతో అది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వాడుకలోకి వచ్చింది. ఈ కారును హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకులు చూడవచ్చు.

నిజాం ఏలుబడిలో గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపూర్), గోపాలపేట వంటి సంస్థానాలు ఉండేవి. 1948లో హైదరాబాదు రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాత సంస్థానాల పాలన ముగిసింది. గద్వాల కోటలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల వెలిసింది. వనపర్తి రాజభవనంలో 1959లో పాలిటెక్నిక్ కళాశాల ప్రారంభమైంది. ఆ విధంగా ఒక రాజభవనం సాంకేతిక విద్యకు నిలయమైంది.

సామాన్య ప్రజలకు పరిచయమైన కారు మాత్రం అంబాసిడర్. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో దీనిని తయారుచేసింది. 1950ల చివర మొదలైన ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. ముంబయిలో తయారైన ఫియట్ 1100 తరువాతి కాలంలో ప్రీమియర్ పద్మినిగా పేరు పొందింది. ఇందులో 1,089 సీసీ ఇంజను ఉండేది. స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుండి మద్రాసులో తయారైంది.

పాలమూరు ప్రాంతం

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. అంతకుముందు ఇక్కడి వాహనాలు మహబూబ్‌నగర్ జిల్లా కోడ్‌తో నమోదయ్యేవి. అందువలన ఈ మూడు జిల్లాలలో ఉన్న పాత కారు ఆర్.సి. పుస్తకంలో ఉమ్మడి జిల్లా పేరే కనిపిస్తుంది. యాజమాన్య బదిలీకి ముందు ఈ విషయాన్ని రవాణా శాఖ కార్యాలయంలో సరిచూసుకొనాలి.

ఇక్కడి వాతావరణం పాత కార్లకు కొంత మేలు చేస్తుంది. సముద్రపు ఉప్పుగాలి లేదు, వర్షపాతం తక్కువ. కాబట్టి కోస్తా ప్రాంతపు కార్లతో పోల్చితే ఇక్కడి కార్ల పైరేకు బాగా నిలిచి ఉండే అవకాశం ఉంది. అయితే నష్టం కింది నుండి వస్తుంది. మట్టి నేలపై ఏళ్ళ తరబడి నిలిపిన కారుకు నేల తేమ నిరంతరం తగులుతుంది. వేపచెట్టు, చింతచెట్టు కింద నిలిపితే రాలిన ఆకులు ముందు అద్దం కింది గాడిలో, తలుపుల అడుగున పేరుకొని నీరు పోయే రంధ్రాలను మూసివేస్తాయి. సీట్లలోను, ఇంజను పైనా ఎలుకలు గూళ్ళు పెట్టి తీగలను కొరుకుతాయి. తీవ్రమైన ఎండ వలన రబ్బరు గొట్టాలు, అద్దాల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు పగిలిపోతాయి.

విడిభాగాల కొరకు గద్వాల ప్రాంతపు వారికి కర్నూలు, రాయచూరు దగ్గర. వనపర్తి, నాగర్‌కర్నూల్ వారికి మహబూబ్‌నగర్, హైదరాబాదు అనుకూలం. సిలిండర్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ వంటి పనులు ట్రాక్టర్ ఇంజన్లు బాగుచేసే లేత్ షాపులలో కూడా జరుగుతాయి. వ్యవసాయ ప్రాంతాలలో ఇది ఒక సౌకర్యం.

తుప్పు

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసినప్పుడు ఏర్పడే హైడ్రేటెడ్ ఐరన్ ఆక్సైడే తుప్పు. అది పుట్టిన ఇనుము కంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద తుప్పు పుట్టినప్పుడు ముందుగా చిన్న పొక్కులు కనిపిస్తాయి. అల్యూమినియంపై ఏర్పడే ఆక్సైడు పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు గుల్లగా ఉండి తేమను లోనికి పోనిస్తుంది కాబట్టి ఆ పని చేయలేదు. అనగా తుప్పు తనంతట ఆగదు.

అంబాసిడర్‌కు లారీ వలె విడిగా పూర్తి ఛాసిస్ ఉండదు. బాడీయే బరువును మోస్తుంది. కనుక గడపలు (తలుపుల కింది పెట్టె వంటి రేకులు), కాళ్ళ కింది నేల రేకు, జాకీ పెట్టే చోట్లు, వెనుక కమాను పట్టీలు బిగించే చోట్లు తుప్పు పట్టితే అది కేవలం అందానికి సంబంధించిన లోపం కాదు, బలానికి సంబంధించిన లోపం. కారును కొనడానికి ముందు చాపలు ఎత్తి, స్క్రూడ్రైవరుతో ఈ చోట్లను నొక్కి చూడాలి. పైకి నిగనిగలాడే రంగు కింద మందపాటి పుట్టీ ఉండవచ్చు. అయస్కాంతం అంటుకొనని చోట రేకుకు బదులు పుట్టీ ఉన్నట్లు గ్రహించాలి.

తుప్పు తొలగించే పద్ధతులు:

* వైరు బ్రష్, ఎమెరీ కాగితం, ఇసుక పీడనం. పలుచని పెద్ద రేకులపై ఇసుక పీడనం వాడితే రేకు వంకర పోతుంది.
* ఫాస్ఫారిక్ ఆమ్లం. ఇది మిగిలిన తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. తరువాత ఉపరితలాన్ని శుభ్రపరచి ఆరబెట్టి ప్రైమరు వేయాలి.
* విద్యుత్ విశ్లేషణ. చిన్న భాగాలను చాకలిసోడా కలిపిన నీటిలో ఉంచి, బ్యాటరీ ఛార్జరు రుణ ధ్రువాన్ని ఆ భాగానికి, ధన ధ్రువాన్ని పనికిరాని ఇనుప ముక్కకు కలుపుతారు. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు ఏర్పడతాయి. అల్యూమినియం భాగాలకు ఈ పద్ధతి పనికిరాదు.

రేకు పూర్తిగా తినిపోయిన చోట కోసివేసి అదే మందం గల కొత్త రేకును అతకాలి. టింకరింగ్ పనివారు దీనిని 'అతుకు వేయడం' అంటారు. గడపలను కోసే ముందు బాడీకి లోపల ఆసరా కడ్డీలు అమర్చాలి. లేనిచో కారు నడుము కుంగి తలుపులు సరిగా పడవు.

ఇంజను

అంబాసిడర్ తొలి కార్లలో సైడ్ వాల్వ్ ఇంజను ఉండేది. తరువాత దాని స్థానంలో బ్రిటన్‌కు చెందిన బీఎంసీ 'బి' శ్రేణి ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. దీని ముఖ్య వివరాలు:

* సిలిండర్లు: 4
* సామర్థ్యం: 1,489 సీసీ
* బోరు: సుమారు 73 మి.మీ.
* స్ట్రోకు: 88.9 మి.మీ.
* మండే వరుస: 1-3-4-2
* ప్లగ్ గ్యాప్: 0.025 అంగుళం (సుమారు 0.64 మి.మీ.)
* పాయింట్ల గ్యాప్: 0.015 అంగుళం (సుమారు 0.38 మి.మీ.)

బిగిసిపోయిన ఇంజను

ఏళ్ళ తరబడి ఆగిన కారుకు కొత్త బ్యాటరీ పెట్టి వెంటనే సెల్ఫ్ కొట్టడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుపోయిన రింగులు విరిగిపోవచ్చు, ఇరుక్కుపోయిన వాల్వు వలన పుష్‌రాడ్ వంగవచ్చు. కారును తోసి గేరులో వేయడం కూడా ఇంతే ప్రమాదకరం. బాగుచేయదగిన ఇంజను ఒక్క నిమిషంలో పాడైపోతుంది.

సరైన క్రమం ఇది. ముందుగా ఆయిల్ సంపులోని నూనెను దింపి చూడాలి. నూనె పాల రంగులో ఉంటే అందులో నీరు కలిసినట్లు అర్థం. తరువాత నాలుగు ప్లగ్గులు విప్పి ఒక్కొక్క సిలిండర్‌లో డీజిల్, పలుచని నూనె కలిపిన మిశ్రమాన్ని కొద్దిగా పోసి కొన్ని రోజులు నాననివ్వాలి. ఆ తరువాత ముందున్న హ్యాండిల్‌తో గాని, క్రాంక్ పుల్లీ నట్టుకు పెట్టిన పానాతో గాని కొద్దికొద్దిగా ఇటు అటు కదిలించాలి. బలవంతం చేయరాదు. కదలకపోతే మళ్ళీ నూనె పోసి వేచి ఉండాలి. అప్పటికీ కదలకపోతే హెడ్ విప్పి చూడడమే మార్గం.

కంప్రెషన్ పరీక్ష

ఇంజను స్వేచ్ఛగా తిరిగిన తరువాత కంప్రెషన్ గేజీతో నాలుగు సిలిండర్లను పరీక్షించాలి. అంకె ఎంత అన్నదాని కంటే నాలుగూ దాదాపు సమానంగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒక సిలిండర్‌లో తక్కువ వచ్చినప్పుడు అందులో ఒక చెంచా ఇంజను నూనె పోసి మళ్ళీ చూడాలి.

* పీడనం పెరిగితే రింగులు లేదా బోరు అరిగినట్లు.
* పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు.
* పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో తక్కువగా ఉంటే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు.

ఈ చిన్న పరీక్ష చేయకుండానే 'ఇంజను బోరుకు వచ్చింది' అని తేల్చడం సాధారణంగా జరిగే పొరపాటు. వాల్వులు గ్రైండింగ్ చేస్తే సరిపోయే ఇంజనుకు పూర్తి బోరింగ్ ఖర్చు పెట్టవలసిన పని లేదు.

లేత్ పని

బోరు నిజంగా అరిగినప్పుడు సిలిండర్లను కొద్దిగా పెద్దవి చేసి, అందుకు తగిన ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేస్తారు. క్రాంక్ షాఫ్ట్ అరిగితే దానిని గ్రైండ్ చేసి అండర్‌సైజు బేరింగులు అమరుస్తారు. పిస్టన్లు చేతికి వచ్చిన తరువాతనే బోరింగ్ చేయించాలి. ఏ సైజు దొరుకుతుందో తెలియకుండా ముందే బోరు పెంచితే బ్లాకు వృథా కావచ్చు. విప్పిన ప్రతి భాగానికి చీటీ కట్టాలి. బేరింగు మూతలు, పుష్‌రాడ్లు, వాల్వులు ఏ చోటివి ఆ చోటే తిరిగి వేయాలి. హెడ్ నట్లను మధ్య నుండి అంచుల వైపు, టార్క్ పానాతో అంచెలంచెలుగా బిగించాలి.

మొదటిసారి నడపడం

బాగుచేసిన ఇంజనును నడిపే ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ పీడనం కనిపించే వరకు సెల్ఫ్‌తో తిప్పాలి. బ్యాటరీ బిగించే ముందు ఎర్త్ ఏ ధ్రువానికి ఉన్నదో చూడాలి. డైనమో గల పాత బ్రిటిష్ తరహా కార్లలో కొన్నిటికి ధన ధ్రువమే ఎర్త్. తలక్రిందులుగా కలిపితే విద్యుత్ పరికరాలు చెడిపోతాయి. రేడియేటర్‌ను, బ్లాకులోని నీటి దారులను కడిగి మట్టి, తుప్పు తొలగించాలి. వేడి ప్రాంతమని థర్మోస్టాట్‌ను తీసివేసే అలవాటు చాలా షెడ్లలో కలదు. దాని వలన ఇంజను తగిన వేడికి చేరడం ఆలస్యమై, బోరు అరుగుదల, పెట్రోలు ఖర్చు పెరుగుతాయి. బోరింగ్ చేసిన ఇంజనును మొదటి 1,000 కిలోమీటర్ల వరకు మితమైన వేగంతో నడిపి, ఆపై నూనె మార్చాలి.

పెట్రోలు సమస్య

పాత ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కొరకు తయారైనవి. భారతదేశంలో 2000 సంవత్సరం నుండి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. సీసం వాల్వు సీట్లకు ఒక రక్షణ పొరగా పనిచేసేది. అది లేనప్పుడు, ముఖ్యంగా ఎక్కువ వేగంతో చాలా దూరం నడిపితే, ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు అరిగి లోనికి దిగిపోతాయి. హెడ్ విప్పినప్పుడే గట్టి లోహపు సీట్లు వేయించడం దీనికి శాశ్వత పరిష్కారం.

రెండవ సమస్య ఇథనాల్. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రకపు రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు పంపు డయాఫ్రం, గొట్టాలు, కార్బరేటర్ వాషర్లను ఇథనాల్‌కు తట్టుకునే రకాలతో మార్చుకొనాలి. తక్కువగా నడిచే కారు ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు నిల్వ ఉంచరాదు. లోపల తుప్పు పట్టిన ట్యాంకును దింపి శుభ్రం చేయనిదే కార్బరేటర్ ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం ఉండదు.

బ్రేకులు

ఇంజను నడిచిందన్న సంతోషంలో బ్రేకులు చూడకుండా కారును రోడ్డు మీదికి తేవడం ప్రమాదకరం. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకొనడం వలన చక్రాల సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగిసిపోతాయి. రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి ద్రవాన్ని వెనుకకు రానివ్వవు. అప్పుడు పెడల్ వదిలినా బ్రేకు వదలదు. రబ్బరు భాగాలన్నిటినీ మార్చి, ఇనుప గొట్టాలను పరిశీలించి, కొత్త ద్రవం పోసి, గాలి తీసిన తరువాతనే కారును కదిలించాలి.

చట్టపరమైన విషయాలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 సంవత్సరాలకు, ఆ తరువాత 5 సంవత్సరాలకొకసారి పునరుద్ధరించుకొనాలి. ఇంజను మార్చడం వంటి మార్పులకు ఇదే చట్టంలోని 52వ సెక్షన్ వర్తిస్తుంది. వాటిని ఆర్.సి.లో నమోదు చేయించాలి.

2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలను ప్రకటించింది. వాటిలో ముఖ్యమైనవి:

* ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 సంవత్సరాలు దాటి ఉండాలి.
* వాహనం అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు చేసి ఉండరాదు.
* కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, కాలపరిమితి 10 సంవత్సరాలు. తిరిగి రిజిస్ట్రేషన్‌కు 5,000 రూపాయలు.
* ఇదివరకే నమోదైన వాహనాలు పాత నంబరును నిలుపుకొనవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి 'వి.ఎ.' అక్షరాలతో కూడిన నంబరు ఇస్తారు.
* రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, మరమ్మతు, ఇంధనం నింపుకొనుట వంటి పనులకు మాత్రమే రోడ్డు మీదికి తేవచ్చు.

పెట్రోలు ఖర్చు తగ్గించుకొనడానికి పాత అంబాసిడర్‌లలో డీజిల్ ఇంజను వేయించిన సందర్భాలు అనేకం. అటువంటి కారుకు 50 సంవత్సరాలు నిండినా పై రెండవ నిబంధన అడ్డు వస్తుంది. కాబట్టి బిగిసిపోయిందని పాత ఇంజనును తుక్కు కింద అమ్మివేయరాదు. బాగుచేసే స్తోమత ఇప్పుడు లేకపోయినా, సిలిండర్లలో నూనె పోసి, రంధ్రాలు మూసి, పొడిచోట భద్రపరచడం మంచిది.

ఇదివరలో ప్రభుత్వ కార్యాలయాలు కండెమ్ చేసిన అంబాసిడర్లు వేలంలో ప్రజలకు చవకగా దొరికేవి. 2023 ఏప్రిల్ 1 నుండి 15 సంవత్సరాలు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించడం ఆగిపోయింది. అవి నమోదిత తుక్కు కేంద్రాలకు చేరుతున్నాయి. అంబాసిడర్ ఉత్పత్తి 2014లోనే ముగిసినందున, 2029 తరువాత ఆ మార్గంలో రోడ్డెక్కగల కారు మిగలదు. ఇళ్ళ ఆవరణలలో నిలిచి ఉన్న కార్లే ఇకపై పునరుద్ధరణకు ఆధారం.

జాగ్రత్తలు

* జాకీ మీద మాత్రమే ఆధారపడి కారు కిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టాలి.
* పాత బ్రేక్ లైనింగులు, క్లచ్ ప్లేట్లు, గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదరాదు, తడిపి తుడవాలి.
* పాత రంగులలో సీసం ఉండవచ్చు. గీకేటప్పుడు ముక్కుకు తగిన మాస్కు ధరించాలి. పిల్లలను దూరంగా ఉంచాలి.
* పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నా అందులోని ఆవిరి పేలవచ్చు. దానికి వెల్డింగు పని నిపుణులచేతనే చేయించాలి.
* విప్పే ముందు ప్రతి దశలో ఫోటోలు తీసుకొనాలి. తిరిగి బిగించునప్పుడు అవే మార్గదర్శకాలు.

విద్యా ప్రయోజనం

పాత కారు ఇంజనులో కంప్యూటర్ నియంత్రణ లేదు. కార్బరేటర్, పాయింట్లు, డైనమో, పుష్‌రాడ్లు అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. నాలుగు స్ట్రోకుల ఇంజను పనిచేసే విధానాన్ని నేర్చుకొనే ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులకు ఒక పాత అంబాసిడర్ ఇంజను మంచి పాఠ్యపరికరం. ఈ ఇంజన్ల మీద చేయి తిరిగిన మెకానిక్కులు చాలామంది వృద్ధులయ్యారు. విడిభాగాల వలెనే వారి నైపుణ్యం కూడా క్రమంగా అరుదవుతున్నది. కారు బాగుపడే సమయంలోనే వారి వద్ద ఆ పనిని నేర్చుకొనే అవకాశం యువకులకు లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

* హిందుస్థాన్ అంబాసిడర్
* అంతర్దహన యంత్రం
* తుప్పు
* చౌమహల్లా ప్యాలెస్
* వనపర్తి సంస్థానం